లైవ్ రాక్‌తో వచ్చిన ఈ చిన్న జీవులు ఏమిటి? రాత్రిపూట టిక్ టిక్ శబ్దం కూడా వస్తోంది

ప్లేనో_రీఫ్ (ప్లేనో, టెక్సస్), శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. ఉప్పునీళ్ళ ట్యాంక్ పెట్టడం నాకు ఇదే మొదటిసారి. 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. పది రోజుల క్రితం ఫ్లోరిడా నుంచి 35 పౌండ్ల లైవ్ రాక్ తెప్పించాను. సహజంగా ఉన్న దిబ్బల్ని పగలగొట్టి తెచ్చింది కాదు. సముద్రంలో లీజుకు తీసుకున్న చోట రాళ్ళు వేసి, కొన్నేళ్ళు వదిలేసి, వాటి మీద జీవం పట్టాక తీసే రకం. ఆరిపోకుండా నీళ్ళలోనే పెట్టి పంపారు.

రాయి బాగుంది. కానీ దాంతో పాటు ఏమేం వచ్చాయో అర్థం కావట్లేదు. రాత్రి లైట్లు ఆపాక టార్చి వేస్తే రాయి సందులోంచి జెర్రి లాంటిది ఒకటి బయటికి వచ్చింది. మూడంగుళాలు ఉంటుంది, లేత గులాబీ రంగు, రెండు పక్కలా తెల్లటి నూగు. వెలుతురు పడగానే లోపలికి లాగేసుకుంది. ఇంకోచోట గోధుమ రంగులో చిన్న పువ్వుల్లాంటివి నాలుగు ఉన్నాయి, పొడవాటి కాడ, సన్నటి రేకులు. వేలు దగ్గరికి తీసుకెళ్తే టక్కున ముడుచుకుంటున్నాయి. అద్దం మీద ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్కలు పరిగెడుతున్నాయి. అవి కాకుండా కదలకుండా అతుక్కున్న తెల్లటి చుట్టలు కొన్ని ఉన్నాయి, పెన్సిల్ మొనతో గీసిన సున్నాల్లా.

అసలు టెన్షన్ వేరే ఉంది. నాలుగు రోజులుగా రాత్రి రెండు మూడు గంటలప్పుడు ట్యాంక్‌లోంచి టిక్, టిక్ అని శబ్దం. హాల్లో పడుకుంటే స్పష్టంగా వినిపిస్తోంది. వేసిన ఆరు నత్తల్లో రెండు చనిపోయాయి, గుల్లలు ఖాళీగా ఉన్నాయి. నెట్‌లో చూస్తే మాంటిస్ ష్రింప్ (నత్తల్ని వేటాడే రొయ్య లాంటి జీవి) అంటున్నారు. రాళ్ళన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

మణికొండ_ట్యాంక్ (హైదరాబాద్), ఆదివారం ఉదయం

అన్నా, ముందు ఒక్క మాట. ఏదీ చంపకండి. కనీసం ఒక వారం చూడండి.

నా మొదటి ట్యాంక్‌లో ఇలాంటి జెర్రి పురుగే కనిపించింది. షాపుకి ఫోటో చూపిస్తే చాలా డేంజర్ అని చెప్పి ఏదో మందు ఇచ్చారు. రాత్రి వేశాను. పొద్దున్నకి ట్యాంక్ నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. రాయి లోపల నాకు కనిపించని పురుగులు ఎన్ని ఉన్నాయో, అన్నీ ఒకేసారి చచ్చి కుళ్ళాయి. అమ్మోనియా పెరిగిపోయింది. సాయంత్రానికి రెండు క్లౌన్‌ఫిష్‌లూ పోయాయి. మా పాప పుట్టిన ఏడాది కొన్న చేపలవి. తర్వాత తెలిసింది, ఆ పురుగు చేపల జోలికే రాదని, మిగిలిపోయిన మేత, చచ్చినవి తిని ట్యాంక్ శుభ్రం చేసేది అదేనని.

మీరు చెప్పిన దాంట్లో అద్దం మీద పరిగెత్తే చుక్కలు కోపీపాడ్‌లు, అంటే రొయ్యల కోవకి చెందిన చాలా చిన్న జీవులు. అవి ఉండటం మంచిది. మిగతావి విశాఖ_అలలు గారు వచ్చి చూస్తే బాగుంటుంది.

కొత్తగా_ఉప్పునీరు, ఆదివారం

నాకు తెలిసి సింపుల్ మార్గం ఒకటుంది. రాళ్ళు తీసి పెద్ద గిన్నెలో వేసి అరగంట ఉడకబెట్టేయండి. లోపల ఏమున్నా పోతుంది. తర్వాత మళ్ళీ వేసుకోవచ్చు.

ఎడిసన్_క్లౌన్ (న్యూజెర్సీ), ఆదివారం

దయచేసి ఆ పని మాత్రం చేయకండి. పైన రాసినాయన మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

సముద్రపు రాయి మీద జోయాంథిడ్‌లు, పాలిథోవాలు అనే పగడాల లాంటి జీవులు ఉండొచ్చు. చూడటానికి చిన్న బొత్తాముల్లా గుంపుగా ఉంటాయి, ముడుచుకుని ఉంటే అవి ఉన్నాయని కూడా తెలియదు. వాటిలో కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. వేడికి అది విరిగిపోదు. రాయిని ఉడకబెడితే ఆవిరితో పాటు గాలిలోకి వస్తుంది, ఇంట్లో ఉన్నవాళ్ళందరూ పీలుస్తారు. ఊపిరి ఆడకపోవడం, జ్వరం, దగ్గు, ఒళ్ళు నొప్పులు. 2012 నుంచి 2014 మధ్య అలాస్కాలో అక్వేరియం షాపులోనూ ఇళ్ళలోనూ జోయాంథిడ్‌ల వల్ల ఇలా జబ్బుపడ్డారని అనుమానించిన కేసులను అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ నివేదికగా వేసింది.

ఉడకబెట్టడమే కాదు, ఆ రాయిని గట్టి బ్రష్‌తో గీకడం, ప్రెషర్ నీళ్ళతో కడగడం కూడా ప్రమాదమే. రాయి ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. చేతి మీద చిన్న గాయం ఉన్నా ఆ రోజు ట్యాంక్‌లో చేయి పెట్టకండి.

కొత్తగా_ఉప్పునీరు, ఆదివారం

నాకు ఈ సంగతి నిజంగా తెలియదు. చెప్పినందుకు చాలా థాంక్స్ అన్నా. ఎవరైనా నా పోస్టు ఒక్కటే చదివి చేసేస్తారేమో, అడ్మిన్ గారు దాని కింద హెచ్చరిక పెట్టగలరా?

విశాఖ_అలలు (విశాఖపట్నం), ఆదివారం రాత్రి

ప్లేనో గారూ, మీరు రాసిన తీరు చాలా బాగుంది. రంగు, పొడవు, ముట్టుకుంటే ఏం చేస్తుంది, ఏ టైంలో కనిపించింది, ఇవన్నీ ఉన్నాయి. చాలామంది మసక ఫోటో ఒకటి పెట్టి పేరు చెప్పమంటారు. ఇలాంటి జీవుల్ని గుర్తుపట్టాలంటే అవి ఏం చేస్తున్నాయో చూడాలి. నేను సముద్ర జీవశాస్త్రం చదివే రోజుల్లో తెన్నేటి పార్కు కింద రాళ్ళ గుంటల్లో ఆటుపోటు తగ్గినప్పుడు గంటలు గంటలు కూర్చునేవాళ్ళం. కదలకుండా పది నిమిషాలు కూర్చుంటే తప్ప గుంటలో ఏముందో తెలిసేది కాదు. మీ ట్యాంక్‌కీ అదే పద్ధతి.

ఒక్కొక్కటిగా చెప్తాను.

జెర్రి లాంటిది బ్రిసిల్ వర్మ్. పక్కల నూగు కుచ్చులు కుచ్చులుగా ఉంటే, వెలుతురుకి పారిపోతే దాదాపు ఖాయం. కానీ మీ రాయి ఫ్లోరిడా నుంచి వచ్చింది కాబట్టి ఒక్కటి చెక్ చేయాలి. ఆ సముద్రాల్లో హెర్మోడిస్ అనే ఫైర్‌వర్మ్ ఉంటుంది. అది పగడాల్నీ, పువ్వుల్లా కనిపించే ఎనిమోన్ అనే జీవుల్నీ తింటుంది. దాన్ని ఎలా పోల్చాలంటే, నూగు మొదట్లో ప్రతి కణుపు దగ్గరా చిన్న చెట్టు కొమ్మల్లాంటి ఎర్రటి మొప్పలు ఉంటాయి, తల మీద కండతో చేసిన జుట్టుముడి లాంటిది ఉంటుంది. మీ దానికి అవి లేకపోతే మామూలు రకమే, వదిలేయండి. ఏ రకమైనా సరే ఒట్టి చేత్తో పట్టుకోకండి. గొంగళి పురుగు నూగు గుచ్చుకున్నట్టే ఉంటుంది, ఇంకా మంట ఎక్కువ. గుచ్చుకుంటే రుద్దకుండా సెల్లోటేప్ అతికించి లాగేయాలి.

అలాగే తల మీద మీసాలు ఎన్నో లెక్కపెట్టండి. ఐదు మీసాలు ఉండి, ఒళ్ళు నూనె మరక మీద ఎండ పడ్డట్టు రంగురంగులుగా మెరుస్తుంటే అది యూనిస్ జాతి. వాటికి దవడలు ఉంటాయి, పెద్దవైతే చేపల్ని కూడా పట్టుకుంటాయి.

గోధుమ రంగు పువ్వులు ఐప్టేషియా. చిన్న ఎనిమోన్. మీరు రాసిన వాటిలో కచ్చితంగా తీసేయాల్సింది ఇదొక్కటే. కానీ గీకకండి, నలపకండి. దాని పాదం నుంచి చిన్న తునక రాయి మీద మిగిలినా అది ఇంకో ఐప్టేషియా అవుతుంది. నాలుగు ఉన్నప్పుడే చూడటం మీ అదృష్టం.

తెల్లటి చుట్టలు స్పైరోర్బిడ్ అనే గొట్టపు పురుగులు. నీళ్ళలో తేలే నలుసులు తిని బతుకుతాయి. వాటి గురించి ఆలోచించకండి.

ఇక శబ్దం. రెండు ప్రశ్నలు. ఖాళీ గుల్లలు చేత్తో పట్టుకుని చూశారా? పగిలి ఉన్నాయా, బొక్క పడిందా, అంచు మాత్రం కొరికినట్టు ఉందా, లేక చెక్కు చెదరకుండా ఉన్నాయా? రెండోది, ట్యాంక్‌లో హెర్మిట్ పీతలు (ఖాళీ గుల్లల్లో దూరి బతికేవి) ఉన్నాయా?

ప్లేనో_రీఫ్, సోమవారం

అక్కా, మీ పోస్టు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

గుల్లలు తీసి చూశాను. బొక్కలు లేవు, పగల్లేదు. కానీ రెండిటికీ నోటి దగ్గర అంచు ఊడింది. బిస్కెట్ కొరికినట్టు అర్ధచంద్రాకారంలో, ఒకదానికి రెండు చోట్ల. హెర్మిట్ పీతలు నేను వేయలేదు.

పురుగుని తెల్ల సాసర్‌లోకి తీసి చూశాను. పైపెట్‌తో నీళ్ళతో సహా లాగితే వచ్చింది. ఎర్ర మొప్పలు లేవు, తల మీద ముడి లేదు, మెరుపు లేదు. మళ్ళీ ట్యాంక్‌లో వదిలేశాను.

ఇంకొకటి చెప్పాలి. మా అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంది. మాది భీమవరం దగ్గర, నాన్న రొయ్యల చెరువులు చేసేవారు. నేను ఈ టిక్ టిక్ గురించి చెప్తే అమ్మ నిన్న రాత్రి కుర్చీ వేసుకుని ట్యాంక్ ముందు కూర్చుంది. "చెరువులో అయితే చెక్ ట్రే ఎత్తి చూస్తే ఎంత తిన్నాయో, ఎలా ఉన్నాయో తెలుస్తుంది. ఇక్కడా ఏదో ఒకటి పెట్టి చూడు" అంది. రొయ్య ముక్క ఒకటి రాయి ముందు పెట్టాం. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ చుట్టాం. రెండింటికి కుడివైపు పెద్ద రాయి కింద నుంచి రెండు పొడవాటి మీసాలు బయటికి వచ్చాయి. తర్వాత ఒక పటకారు. అమ్మ వెంటనే, "రొయ్యేరా, కానీ ఒక కాలు ఒంటి కంటే పెద్దగా ఉంది" అంది. మరుక్షణం టిక్ అని శబ్దం.

విశాఖ_అలలు, సోమవారం

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఒక పటకారు మాత్రమే అంత పెద్దగా ఉంటే అది పిస్టల్ ష్రింప్, ఆల్ఫియస్ జాతి. మాంటిస్ కాదు. మాంటిస్‌కి అలాంటి పటకారు ఉండదు. ముందు కాళ్ళు గొల్లభామ కాళ్ళలా మడిచి గుండెకి ఆనించుకుని ఉంటుంది, కళ్ళు కాడల మీద ఉండి ఒక్కోటి ఒక్కో వైపు తిరుగుతాయి. అది నత్తని తింటే గుల్ల పగిలి ముక్కలు కన్నం ముందు పడి ఉంటాయి.

శబ్దం గురించి ఒక విషయం చెప్తాను, నాకు చాలా ఇష్టమైన విషయం. పటకారు రెండు వైపులూ కొట్టుకోవడం వల్ల ఆ శబ్దం వస్తుందని చాలాకాలం అనుకున్నారు. అది కాదు. పటకారు మూసుకునే వేగానికి నీళ్ళు బాణంలా దూసుకుపోతాయి, అక్కడ ఒక బుడగ పుట్టి వెంటనే నలిగిపోతుంది. ఆ బుడగ నలిగే చప్పుడే మీరు వింటున్నది. హై స్పీడ్ కెమెరాతో తీసి 2000లో పరిశోధకులు దీన్ని నిరూపించారు. ఆ దెబ్బకే చిన్న చిన్న జీవులు స్పృహ తప్పుతాయి. మా దగ్గర రాళ్ళ ప్రాంతంలో నీళ్ళలో తల ముంచితే పేలాలు వేయిస్తున్నట్టు చిటపటలు వినిపిస్తాయి. అందులో పెద్ద వాటా ఈ రొయ్యలదే.

దాన్ని ఉంచుకోవచ్చు. రాళ్ళ కింద ఇసుక తవ్వుతుంది కాబట్టి రాళ్ళు ఇసుక మీద కాకుండా ట్యాంక్ అడుగు మీద ఆనేలా సర్దుకోండి. మరీ చిన్న రొయ్యల్ని మాత్రం దాని దగ్గర వదలకండి.

కానీ మీ నత్తల్ని తిన్నది ఇది కాదు. అంచు బిస్కెట్‌లా కొరికి ఉందంటే పీత. హెర్మిట్ పీతలు లేవన్నారు కాబట్టి రాయిలో ఇంకొకటి దాక్కుని ఉంది.

మణికొండ_ట్యాంక్, సోమవారం

గొరిల్లా పీత అయి ఉంటుంది. ఒంటి నిండా బొచ్చు, పటకారు కొసలు నల్లగా ఉంటాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికో రాయిలో అవి ఎక్కువగా వస్తాయని అమెరికా వాళ్ళు చెప్తుంటారు.

పట్టడం తేలికే. నున్నటి గాజు గ్లాసు తీసుకోండి, స్టీలు వద్దు. అడుగున రొయ్య ముక్క వేసి, బరువుకి ఒక గులకరాయి పెట్టి, రాయికి ఆనించి ఏటవాలుగా ఉంచండి. పీత రాయి మీంచి గ్లాసు అంచుకి దిగుతుంది, లోపలికి జారుతుంది, నున్నటి గాజు మీద ఎక్కలేదు. లైట్లు ఆపేముందు పెట్టి, పొద్దున్నే తీసేయండి. మేత కుళ్ళకూడదు.

ఎడిసన్_క్లౌన్, మంగళవారం

ఇదే థ్రెడ్‌లో నా సమస్య కూడా అడగొచ్చా? వేరేగా పెడితే ఈ చర్చ చదివినవాళ్ళు చూడరని ఇక్కడే అడుగుతున్నాను.

నా ట్యాంక్‌లో రాత్రి 6 మిల్లీమీటర్ల పురుగు కనిపించింది. గట్టి పెంకు, పలకలు పలకలుగా, తోటలో రాయి ఎత్తితే కనిపించే బూడిదరంగు పురుగులా ఉంది. ఐసోపాడ్ అని అర్థమైంది. కానీ ఐసోపాడ్‌లలో చేపలకి అతుక్కుని రక్తం తాగేవి ఉంటాయని చదివి రెండు రాత్రులు నిద్ర పోలేదు. నా క్లౌన్ జత గుడ్లు పెడుతోంది, వాటికి ఏమైనా అవుతుందేమోనని భయం.

విశాఖ_అలలు, మంగళవారం

ఈ భయం అర్థం లేనిది కాదు. సిరోలానిడ్ అనే కుటుంబం నిజంగా చేపల్ని పీడిస్తుంది. అందుకే జాగ్రత్తగా చూద్దాం. మూడు సంగతులు చెప్పండి. కళ్ళు తలకి రెండు పక్కలా అంచుని పట్టుకుని పెద్దగా ఉన్నాయా? నీళ్ళలో వేగంగా ఈదుతుందా, రాయి మీద నెమ్మదిగా పాకుతుందా? పైపెట్‌తో కదిలిస్తే ఏం చేస్తుంది?

ఎడిసన్_క్లౌన్, బుధవారం

నిన్న రాత్రి పట్టాను. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీశాను, అటాచ్ చేశాను. కళ్ళు చిన్నవి. రాయి మీద పాకుతుంది, ఈదడం చూడలేదు. పైపెట్ తగలగానే గుండ్రంగా చుట్టుకుని మిరియం గింజలా అయిపోయింది. రెండు నిమిషాలు అలాగే ఉండి మళ్ళీ విచ్చుకుంది.

విశాఖ_అలలు, బుధవారం

అది స్ఫీరోమాటిడ్. అలా పూర్తిగా ఉండలా చుట్టుకోవడం వాటి గుర్తు. నాచు, చెత్త తింటుంది, చేపల్ని ముట్టుకోదు. మీ క్లౌన్ జత క్షేమం. ఫోటోలో కళ్ళ అమరిక కూడా దానికే సరిపోయింది. ఈ రాత్రి హాయిగా పడుకోండి.

ఇది చదివేవాళ్ళ కోసం ఇంకో మాట. సిరోలానిడ్ అయితే ఒకటి పట్టి పారేస్తే సరిపోదు. ట్యాంక్‌లో పిల్లలు పెట్టి ఉంటుంది. చేపలన్నిటినీ వేరే ట్యాంక్‌లోకి మార్చి, రాయి ఉన్న ట్యాంక్‌ని నెలల తరబడి చేపలు లేకుండా ఉంచాలి. అంత పెద్ద పని పెట్టుకునే ముందు గుర్తింపు సరిగ్గా ఉండాలి. అందుకే ఇన్ని ప్రశ్నలు అడిగాను.

ప్లేనో_రీఫ్, బుధవారం

గ్లాసు రెండు రాత్రులు పెట్టాను. మొదటి రాత్రి బ్రిసిల్ వర్మ్‌లు మూడు వచ్చాయి. రెండో రాత్రి ఏమీ లేదు, రొయ్య ముక్క కూడా లేదు. ఎవరో వచ్చి తిని ఎక్కి వెళ్ళిపోయినట్టున్నారు.

ఈలోగా ఐప్టేషియా సంగతి చూద్దామనుకుంటున్నాను. దాన్ని తినే పెప్పర్‌మింట్ రొయ్యలు వేయమంటారా, మందు కొట్టమంటారా?

మణికొండ_ట్యాంక్, బుధవారం

గ్లాసు ఇంకొంచెం నిలువుగా పెట్టండి అన్నా, పొడవాటి గ్లాసు తీసుకోండి. దొరుకుతుంది.

నాలుగే కాబట్టి మందు చాలు. నేను వాడేది కాల్క్‌వాసర్. పేరు చూసి భయపడకండి, కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మన తాంబూలంలో వేసే సున్నమే. కిళ్ళీ సున్నం డబ్బా మాత్రం వాడకండి, అందులో ఇంకేం కలుపుతారో తెలియదు. అక్వేరియం కోసం అమ్మే పొడి తీసుకోండి. ఆర్వో నీళ్ళు కొంచెం కలిపి పెరుగు చిక్కదనం వచ్చేలా చేసి సిరంజిలోకి లాగండి. పంపులన్నీ ఆపాలి. సూది దాని నోటి దగ్గరికి మెల్లగా తీసుకెళ్ళి, ముడుచుకోకముందే పైన కప్పేయాలి. పావుగంట అలాగే వదిలి పంపులు వేయండి. సున్నం కాబట్టి పీహెచ్ పెరుగుతుంది, ఒకే రోజు ఎక్కువ చేయొద్దు. చేతికి, కంటికి తగలకుండా చూసుకోండి.

పెప్పర్‌మింట్ రొయ్యలు నా దగ్గర రెండు పనిచేశాయి, మూడోది ఐప్టేషియా వైపు చూడనేలేదు. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. క్యామెల్ ష్రింప్‌ని పెప్పర్‌మింట్ అని అమ్మేస్తుంటారు. దాని వీపు మీద గూని ఉంటుంది, ఒంటి మీద తెల్ల గీతలు ఎక్కువ, కళ్ళు పెద్దవి. అది పగడాల్ని తింటుంది.

ఎడిసన్_క్లౌన్, బుధవారం

ఐప్టేషియా వందల్లో ఉన్నవాళ్ళకి బెర్గియా అనే చిన్న నూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) ఉంది. ఐప్టేషియా తప్ప ఇంకేమీ తినదు. అయిపోగానే ఆకలితో చనిపోతుంది, కాబట్టి పని పూర్తయ్యాక ఇంకొకరికి ఇచ్చేయాలి. మా దగ్గర ముగ్గురం ఒకే జట్టు బెర్గియాల్ని వంతులవారీగా వాడుకుంటున్నాం.

కాకినాడ_తీరం, గురువారం

అందరికీ నమస్కారం. చదువుతూనే ఉన్నాను, మొదటిసారి రాస్తున్నాను. నాకు ఇక్కడ ఇలాంటి రాయి కొనాలంటే దొరకట్లేదు. సముద్రం దగ్గరే ఉంది కదా, ఉప్పాడ వైపు నుంచో విశాఖ నుంచో నాలుగు రాళ్ళు తెచ్చుకుని వేసుకోవచ్చా? జీవులు కూడా వస్తాయి కదా.

విశాఖ_అలలు, గురువారం

వద్దండీ. మన దేశంలో పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికి ఉన్నంత రక్షణ ఉంది. రాయి మీద ఉన్నది పగడమో కాదో తీసేవాళ్ళకి తెలియదు. పట్టుబడితే పెద్ద కేసు. అది పక్కన పెట్టినా, ఒక రాయి తిప్పితే దాని కింద నీడలో బతికేవన్నీ ఎండకి చస్తాయి. గుంటల దగ్గర తిప్పి వదిలేసిన రాళ్ళు చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. పైగా బీచ్ పక్క నీళ్ళలో డ్రైనేజీ కలుస్తుంది, ట్యాంక్‌కి అదీ మంచిది కాదు.

మణికొండ_ట్యాంక్, గురువారం

నేను డ్రై రాక్‌తోనే, అంటే జీవం లేని ఎండు రాయితోనే నడుపుతున్నాను, ఆరేళ్ళయింది. బ్యాక్టీరియా సీసా, నమ్మకమైన స్నేహితుడి ట్యాంక్ నుంచి గుప్పెడు ఇసుక, అంతే. ఆ గుప్పెడులోనే కోపీపాడ్‌లు, ఆంఫిపాడ్‌లు, చిన్న బ్రిసిల్ వర్మ్‌లు అన్నీ వచ్చాయి. స్టొమటెల్లా నత్తలు కూడా. వాటిని ఎప్పుడైనా చూశారా? చదునైన నత్త, గుల్ల వీపు మీద చిన్న టోపీలా ఉంటుంది. ఎవరైనా పట్టుకుంటే బల్లి తోక వదిలినట్టు పాదంలో ముక్క వదిలేసి పారిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని చంపేశాననుకుని బాధపడ్డాను. పది రోజులకి మళ్ళీ పెరిగింది.

ఆస్టరీనా నక్షత్ర చేపలు కూడా వచ్చాయి, గోరంత ఉంటాయి, కాళ్ళు పొడుగూ పొట్టిగా ఉంటాయి. మధ్యకి చీలి రెండవుతాయి కాబట్టి కాళ్ళు అలా ఉంటాయి. వాటిలో కొన్ని జోయాంథిడ్‌లు తింటాయంటారు. నేను నాలుగింటిని చిన్న జోయా ముక్కతో వేరే డబ్బాలో పెట్టి వారం చూశాను. ముట్టుకోలేదు. అందుకని ఉంచాను.

ప్లేనో_రీఫ్, శుక్రవారం ఉదయం

దొరికింది!

నిన్న పొడవాటి గ్లాసు పెట్టాను. పొద్దున ఐదింటికి అమ్మ లేపింది. గ్లాసు అడుగున పీత. అడ్డంగా 2 సెంటీమీటర్లు ఉంటుంది. తేనె రంగు ఒళ్ళు, కాళ్ళ మీద బొచ్చు ఎంత దట్టంగా ఉందంటే బురద పట్టినట్టు కనిపించింది. పటకారు కొసలు మాత్రం బొగ్గు ముంచినట్టు నల్లగా, నున్నగా ఉన్నాయి. రొయ్య ముక్కని ఒక పటకారుతో గట్టిగా పట్టుకుని, రెండో దానితో చిన్న చిన్న పోగులు తీసి నోట్లో పెట్టుకుంటోంది. గ్లాసు ఎత్తినా తినడం ఆపలేదు. నడిచే కాళ్ళు లెక్కపెట్టాను, పక్కకి నాలుగేసి. ఫోటోలు నాలుగు పెట్టాను, స్కేలుతో సహా.

అక్కా, ఇదేనా? దీన్ని ఏం చేయాలి? చంపడం నాకు ఇష్టం లేదు.

విశాఖ_అలలు, శుక్రవారం

ఇదే. మీరు కాళ్ళు లెక్కపెట్టడం నాకు చాలా సంతోషంగా ఉంది. పక్కకి మూడేసి కాళ్ళే కనిపిస్తే పోర్సిలైన్ పీత అయ్యేది. దాని నాలుగో జత సన్నగా మడిచి ఉంటుంది. అది నోటి దగ్గర విసనకర్రల్లాంటి వాటితో నీళ్ళలో నలుసులు పట్టుకుని తింటుంది, ఎవరికీ హాని చేయదు. అనవసరంగా దాన్ని తీసేసేవాళ్ళం.

సంప్ (ట్యాంక్‌కి కలిపి ఉండే ఫిల్టర్ తొట్టి) ఉంటే అందులో పెట్టండి. పైకి ఎక్కే దారి లేకుండా చూసుకోండి. మిగిలిన మేత, నాచు తిని బతుకుతుంది. సముద్రంలో మాత్రం వదలొద్దు. ట్యాంక్‌లో ఉన్న జీవిని మళ్ళీ బయటి నీళ్ళలోకి పంపకూడదు, జబ్బులు వెంట వెళ్తాయి.

గ్లాసు ఇంకో వారం పెట్టండి. ఒకటి ఉంటే రెండోది కూడా ఉండొచ్చు.

కొత్తగా_ఉప్పునీరు, శుక్రవారం

గ్లాసుకి దొరక్కపోతే ఏం చేస్తారు? కన్నంలోంచి బయటికి రాని వాటి సంగతి?

ఎడిసన్_క్లౌన్, శుక్రవారం

ఏ రాయిలో ఉందో కచ్చితంగా తెలిస్తే ఆ ఒక్క రాయిని బకెట్‌లోకి తీయండి. మామూలు సోడా, చక్కెర లేనిది, సిరంజితో ఆ కన్నంలోకి కొట్టండి. అందులో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌కి తట్టుకోలేక బయటికి వచ్చేస్తుంది. తర్వాత రాయిని ట్యాంక్ నీళ్ళతో కడిగి వెనక్కి పెట్టండి. ట్యాంక్ లోపల మాత్రం సోడా కొట్టకూడదు. నేను ఒకసారి అసలు మాంటిస్‌ని ఇలాగే బయటికి రప్పించాను. గ్లౌజు వేసుకున్నా చేత్తో పట్టుకోలేదు, వల వాడాను. వేలు చీల్చగలదు అది.

ప్లేనో_రీఫ్, మూడు వారాల తర్వాత

అందరికీ అప్‌డేట్ ఇవ్వడం ఆలస్యమైంది, క్షమించాలి.

మూడో రాత్రి ఇంకో పీత దొరికింది, చిన్నది. రెండూ సంప్‌లో వేరువేరు గదుల్లో ఉన్నాయి. ఆ తర్వాత నత్త ఒక్కటి కూడా చనిపోలేదు. ఐప్టేషియా నాలుగూ సున్నంతో పోయాయి. రెండు వారాలకి అదే రాయి వెనుక ఇంకొకటి మొలిచింది, దానికీ సున్నం పెట్టాను. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి, లవణం (నీటి సాంద్రత కొలతలో) 1.025 దగ్గర నిలబడింది. నిన్ననే మొదటి జత క్లౌన్‌ఫిష్ వేశాను.

పిస్టల్ రొయ్య కుడివైపు రాయి కింద ఇల్లు కట్టుకుంది. గులకరాళ్ళు ఒక్కొక్కటీ మోసుకొచ్చి గుమ్మం ముందు పేర్చింది. అమ్మ ఇండియాకి వెళ్ళిపోయింది. రోజూ వీడియో కాల్‌లో ముందు దాన్నే చూపించమంటుంది.

ఒక్క సందేహం మిగిలింది. రాళ్ళ నీడ వైపు, ఫిల్టర్ గొట్టం దగ్గర తెల్లటివి మొలిచాయి. చెవిలో పెట్టుకునే దూది పుల్ల కొసలా ఉన్నాయి, పైన చిన్న కిరీటం లాంటి వెంట్రుకలు. కదలవు, ముట్టుకున్నా ముడుచుకోవు. పది దాకా ఉన్నాయి.

విశాఖ_అలలు, అదే రోజు

సైకాన్ స్పాంజ్. పైన కిరీటం మధ్యలో సన్నటి రంధ్రం కనిపిస్తుంది, భూతద్దంతో చూడండి. నీళ్ళు పక్కల నుంచి పీల్చుకుని, అందులో నలుసులు తిని, ఆ రంధ్రం నుంచి బయటికి వదులుతుంది. కొత్త ట్యాంక్‌లలో కొన్ని నెలలు బాగా వస్తాయి, తర్వాత వాటంతట అవే తగ్గుతాయి. అలాగే ఉంచండి. అమ్మగారికి అది కూడా చూపించండి.